ముందు పాదం ఎక్కడ పడుతోందో చూడండి, కోణాలు తర్వాత

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను భీమిలి రోడ్డులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పి.ఇ.టి.ని. పొద్దున్నే అథ్లెటిక్స్ పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లి ఇసుకలో పరుగెత్తిస్తాను. ఈమధ్య స్లో మోషన్ ఉన్న ఫోన్ కొన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె 200 మీటర్లు, లాంగ్ జంప్ రెండూ చేస్తుంది. వీడియోలో చూస్తే కాలు బాగా ముందుకి చాచి, మోకాలు నిటారుగా పెట్టి దిగుతోంది. అంగలు పెద్దవి చెయ్యి, మోకాలు పైకెత్తు అని చెబుతూనే ఉన్నాను, టైమింగ్ మాత్రం మెరుగుపడటం లేదు. పైగా ఈమధ్య మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటోంది. ఒక యాప్ ఆ అమ్మాయి ఒంటి మీద గీతలు గీసి 158 డిగ్రీలు, 163 డిగ్రీలు అంటుంది. ఎంత ఉండాలో తెలీదు. లాంగ్ జంప్‌కి 45 డిగ్రీల్లో ఎగరాలని మా ఫిజిక్స్ మాస్టారు అంటారు. ఒంటి కదలికల్ని బలాల లెక్కతో చూసే ఈ బయోమెకానిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోటి, నాకు యాభై దాటాయి. సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. ఇదీ ఆ శాస్త్రంలోకే వస్తుందా?
— ఒక పి.ఇ.టి., విశాఖపట్నం

సమాధానం:

మాస్టారూ, జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది. అంగలు పెద్దవి చెయ్యమని చెబుతున్నారు కదా, ఆ పిల్ల సరిగ్గా మీరు చెప్పినట్టే చేస్తోంది. అంగ పెంచమంటే ఎవరైనా ముందు చేసే పని కాలు చాచడమే. ముందా మాట ఆపేయండి. ఎందుకో చెబుతాను, బయోమెకానిక్స్ మొదలయ్యేది కూడా అక్కడే.

పరుగెత్తే మనిషి మీద బయటినుంచి పనిచేసేవి మూడే: భూమి ఆకర్షణ, గాలి, నేల. ఆకర్షణ మన చేతిలో లేదు. స్కూలు పిల్లల వేగానికి గాలి వాటా తక్కువ. ఇక మిగిలింది నేల. చేతులు ఊపడం, మోకాలు ఎత్తడం, పళ్లు బిగించడం, ఏం చేసినా చివరికి అది పాదం గుండా నేలకి చేరితేనే లెక్కలోకి వస్తుంది. పాదం నేలని ఎటు నెడితే నేల దానికి ఎదురు దిక్కున అంతే బలంతో మనల్ని నెడుతుంది. న్యూటన్ మూడో నియమం, మీ ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద రాసేదే.

ఇప్పుడు మీ వీడియోకి రండి. పరుగులో శరీరం బరువంతా ఒకచోట ఉందనుకుంటే ఆ చోటు బొడ్డుకి కాస్త కింద, కటి లోపల ఉంటుంది. దాన్నే గురుత్వ కేంద్రం అంటాం. పాదం దానికి బాగా ముందు, ఇంకా ముందుకి పోతూ పోతూ నేలని తాకితే అది నేలని ముందుకి నెడుతుంది. అప్పుడు నేల పిల్లని వెనక్కి నెడుతుంది. అంటే అడుగడుగునా బ్రేకు. పోయిన వేగాన్ని అదే అడుగు రెండో సగంలో మళ్లీ సంపాదించుకోవాలి. ఆ తిప్పలు 200 మీటర్ల పొడుగునా పడుతోంది పాపం. ఎంత గొప్ప పరుగుల రాణికైనా పాదం కొంత ముందే పడుతుంది, ఆ కాస్త బ్రేకు ఎవరికీ తప్పదు. అది ఎంత అన్నదే ప్రశ్న.

వీడియోలో ఆ అమ్మాయి పాదం నేలని తాకిన మొట్టమొదటి ఫ్రేము దగ్గర ఆపండి. తుంటి నుంచి నిలువుగా కిందకి ఒక గీత ఊహించుకోండి. పాదం ఆ గీతకి ఎంత ముందుందో ఆమె పాదం పొడవుతోనే కొలవండి. మోకాలి కింద ఎముక దాదాపు నిలువుగా ఉందా, లేక మడమ ముందుకి పోయి వెనక్కి వాలి ఉందా చూడండి. మీ స్కూల్లోనే చక్కగా పరుగెత్తే ఇద్దరు ముగ్గురిని అదేచోట, అదే దూరం నుంచి తీసి పక్కపక్కన పెట్టుకోండి. ఛాంపియన్ల వీడియోల కన్నా ఆ పోలిక మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఛాంపియన్ల సంగతి ఎందుకంటున్నానంటే, మన ఊళ్లో ఆడపిల్లలందరూ ఇప్పుడు జ్యోతి యర్రాజీలా పరుగెత్తాలని చూస్తున్నారు. చూడాలి కూడా. విశాఖ అమ్మాయి, 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం తెచ్చింది. అయితే ఆ ఈవెంట్‌లో హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు. ఆ మధ్యలో మూడు అడుగులే వేస్తారు. ఎంత వెయ్యాలన్నది ఆ దూరమే నిర్ణయిస్తుంది. ఆ అంగని చూసి 200 మీటర్ల పిల్ల నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఏ కదలికని చూసినా ముందు అడగాల్సింది ఇదే: ఈ పని దేనికోసం, నియమాలు ఏం అనుమతిస్తాయి, ఈ ఒళ్లు ఎంత పొడుగు, ఎంత బలం. కోణం వీటన్నిటి తర్వాత వచ్చే ఫలితం. ఫలితాన్ని పట్టుకుని దిద్దబోతే పిల్ల ఫొటోకి నిలబడ్డట్టు పరుగెత్తుతుంది.

యాప్ చెప్పే 158, 163 గురించి ఎక్కువ చెప్పను. ఫోన్ ఒక పక్కనుంచే చూస్తుంది, పిల్లలేమో వదులు నిక్కర్లలో ఉంటారు, కెమెరా కాస్త ఏటవాలుగా ఉన్నా కోణం మారిపోతుంది. ఐదారు డిగ్రీల తేడాని అసలు పట్టించుకోవద్దు. ఒక్క పరుగు చూసి తీర్పు చెప్పకండి, నాలుగైదు పరుగుల్లో అదే కనబడితేనే అది ఆమె అలవాటు.

కోణాలకన్నా మీ ఫోన్ నమ్మకంగా చెప్పగలిగేది ఒకటుంది, సమయం. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు. వేగంగా పరుగెత్తే పిల్ల పాదం నేలమీద ఉండేది సెకనులో ఎనిమిదో వంతు అనుకుంటే, అందులో నాలుగు ఫ్రేములు కూడా పడవు. అందుకే మామూలు వీడియోలో అసలు సంగతి ఎప్పుడూ దొరకదు. స్లో మోషన్‌లో 240 పెట్టుకుంటే అదే సమయానికి 30 ఫ్రేములు వస్తాయి. పాదం తాకినప్పటినుంచి లేచేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. అది లేచినప్పటినుంచి రెండో పాదం తాకేదాకా మళ్లీ లెక్కపెట్టండి.

నేలమీద 30, గాల్లో 30 వచ్చాయనుకుందాం. పరుగు మొత్తం మీద పిల్ల పైకి ఎగిరిపోవడం లేదు, భూమిలోకి దిగిపోవడం లేదు. కాబట్టి సగటున నేల ఆమెని పైకి నెట్టే బలం ఆమె బరువుకి సమానం కావాలి. సగం సమయం గాల్లోనే ఉంటే, ఆ లెక్కంతా మిగిలిన సగంలోనే తేలాలి. అంటే పాదం నేలమీద ఉన్నంతసేపూ సగటున బరువుకి రెండింతలు. బలం ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది కాబట్టి శిఖరం సుమారు మూడింతలు. 40 కిలోల పిల్ల ఒంటికాలి మీద 120 కిలోల భారం, అదీ సెకనుకి నాలుగుసార్లు! పరుగుకి కాళ్ల బలం ఎందుకు కావాలో, ఎముక ఎందుకు నొప్పెడుతుందో రెండూ ఈ ఒక్క లెక్కలోనే ఉన్నాయి. పాదం నేలని నెట్టే బలాన్ని కొలిచే, లక్షల ఖరీదు చేసే ఫోర్స్ ప్లేట్ లేకుండా, స్కూలు గ్రౌండ్‌లో, ఫోన్‌తో వచ్చిన లెక్క ఇది. నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

నెలనెలా ఈ రెండు అంకెలూ ఒక పుస్తకంలో రాయండి. వేగం పెరుగుతూ నేలమీది ఫ్రేములు తగ్గుతుంటే పిల్ల బలపడుతోందన్నమాట. తాడాట, ఒంటికాలి గెంతులు, మెట్లమీద చిన్న చిన్నగా ఎగరడాలు ఇందుకు పనికొస్తాయి, అయితే నొప్పి సంగతి తేలాకే.

తీసే పద్ధతి. పిల్లలు మీకు అడ్డంగా పరుగెత్తాలి, ఎదురుగా కాదు. పది మీటర్ల దూరంలో, నడుము ఎత్తులో, స్టాండ్ మీదో కుర్చీ మీదో ఫోన్ కదలకుండా పెట్టండి. వాళ్లతోపాటు తిప్పకండి. పరుగెత్తే గీతమీద రెండు మీటర్ల కర్ర పడుకోబెట్టి ముందు దాన్నోసారి తీసుకుంటే తర్వాత అంగ పొడవు కొలుచుకోవచ్చు. అంగ పొడవుని సెకనుకి పడే అడుగులతో గుణిస్తే వేగం, ఇంతకన్నా సూత్రం లేదు. బీచ్‌లో తీసేటట్టయితే, మనకి సూర్యుడు సముద్రం వైపునుంచి లేస్తాడు కాబట్టి రోడ్డు వైపు నిలబడి తీస్తే పిల్లలు నల్లటి బొమ్మల్లా వస్తారు. సముద్రాన్ని వీపు వెనక పెట్టుకోండి. 1880ల్లో ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శరీర శాస్త్రవేత్త, మనిషికి నల్లబట్టలు తొడిగి చేతుల మీదా కాళ్ల మీదా తెల్లటి పట్టీలు అంటించి ఒకే ప్లేటు మీద వరసగా ఫొటోలు తీశాడు. నల్ల ట్రాక్ ప్యాంట్ మీద తుంటి, మోకాలు, చీలమండ దగ్గర తెల్ల టేపు ముక్కలు అంటించండి చాలు, యాప్ గీతలకన్నా నమ్మకంగా కనిపిస్తుంది.

ఒకసారి వెనకనుంచి కూడా తీయండి. పక్కనుంచి చూస్తే మోకాలు లోపలికి వాలడం, ఒంటికాలి మీద ఉన్నప్పుడు రెండోవైపు తుంటి కిందకి జారడం కనిపించవు.

ఇక దిద్దడం. కాలు వెనక్కి లాగు, మోకాలు వంచు అని ఒంట్లో భాగాల పేర్లు చెబితే పిల్లలు బిగుసుకుపోతారు. దృష్టిని ఒంటి బయట పెట్టించండి, "నేలని వెనక్కి తోసెయ్యి" అనండి. అంతకన్నా మంచిది మాటే అక్కర్లేకుండా చెయ్యడం. ఆ అమ్మాయి ఇప్పటి అంగ కొలిచి, దానికన్నా ఓ బెత్తెడు తక్కువ దూరంలో గ్రౌండ్ మీద ముగ్గుతో పది పన్నెండు గీతలు గియ్యండి. పరుగు అందుకున్నాక ఆ గీతల మధ్య అడుగులు పడేలా పొమ్మనండి. అడుగులు కాస్త దగ్గర పడతాయి, జోరు పెరుగుతుంది, పాదం తనంతట తానే ఒంటి కిందకి వస్తుంది. గీతల్ని చూస్తూ తల దించేస్తే మాత్రం ఉపయోగం లేదు. బలం పెరిగేకొద్దీ అంగ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు గీతల్ని దూరం జరపండి.

లాంగ్ జంప్ దగ్గర ఈ మాటలన్నీ తిరగబడతాయి. పరుగులో తప్పన్నది బోర్డు దగ్గర, అంటే కాలు మోపి ఎగిరే చెక్క దగ్గర, కావాలి. పరుగు తెచ్చిన, ముందుకి పోయే వేగంలో కొంత పైకి మళ్లాలంటే ఆఖరి పాదం ఒంటికి ముందు, మోకాలు గట్టిగా దాదాపు నిటారుగా ఉంచి దిగాలి. ఒళ్లు ఆ కాలి మీదుగా పైకి లేస్తుంది. ఆఖరిదానికి ముందు అడుగు కాస్త పొడుగ్గా, నడుము కొంచెం దించి, ఆఖరి అడుగు పొట్టిగా పడటం మంచి జంపర్లందరిలో కనిపిస్తుంది. కాబట్టి ఆ అమ్మాయిది జంప్ అలవాటు పరుగులోకి పాకిందేమో కూడా చూడండి. రెండిటినీ వేరువేరు రోజుల్లో నేర్పించండి.

మీ ఫిజిక్స్ మాస్టారి 45 డిగ్రీలు పుస్తకంలో నిజమే. విసిరే వేగం ఏ కోణంలోనైనా ఒకటే అయినప్పుడు, ఎగిరిన ఎత్తు, దిగిన ఎత్తు ఒకటే అయినప్పుడు. మనిషి విషయంలో రెండూ కావు. బోర్డు మీద పాదం ఉండేది సెకనులో ఎనిమిదో వంతు లోపే. అంతలో ముందు వేగమంత పైకి వేగం పుట్టించడం ఎవరి తరమూ కాదు. మీ పిల్ల అంకెలు ఊహించి ఆయనకి చూపించండి: బోర్డు దాటాక ముందుకి సెకనుకి 6 మీటర్లు, పైకి 2.3 మీటర్లు. కోణం 21 డిగ్రీలు. దిగేటప్పుడు కాళ్లు ముడుచుకుని కూలబడుతుంది కనుక గురుత్వ కేంద్రం ఎగిరిన చోటికన్నా ఓ 40 సెంటీమీటర్లు కిందకి వస్తుంది. ఆ లెక్కన గాల్లో ఉండేది 0.6 సెకండ్లు, పోయేది 3.6 మీటర్లు. ఇప్పుడు 45 డిగ్రీల కోసం పరుగు తగ్గించి, పైకి ఇంకాస్త బలంగా ఎగిరి, రెండు వేగాలూ 2.6 చేసిందనుకోండి. గాల్లో 0.65 సెకండ్లు ఉంటుంది, పోయేది 1.7 మీటర్లే. ప్రపంచ స్థాయి జంపర్లు కూడా ఎగిరేది 20 డిగ్రీలకి అటూ ఇటూగానే. "ఎత్తుకి ఎగురు" అని కేకలేసే కోచ్‌లు మన గ్రౌండ్లలో చాలామందే ఉన్నారు, పిల్లలు ఆ కేక విని బోర్డు ముందు పరుగు చంపేసుకుంటారు. దూరం తెచ్చేది రన్నప్ వేగమే. పరుగు మొదలుపెట్టే చోట మార్కు సరిగ్గా పెట్టి, బోర్డు దగ్గర చిన్నచిన్న అడుగులతో సర్దుకోకుండా చూడండి.

ఎముక నొప్పి సంగతి ముందే చెప్పాల్సింది, కానీ పైన చెప్పిన మూడింతల లెక్క లేకుండా అర్థం కాదు. ఎముక భారానికి తగ్గట్టు తనని తాను గట్టిపరుచుకుంటుంది, దానికి వారాలు పడుతుంది. శిక్షణ ఒక్కసారిగా పెంచితే అది అందుకోలేదు. ఎముక పొడవునా కొంత మేర నొప్పి ఉండి, పరుగు తగ్గిస్తే తగ్గిపోతుంటే రెండు మూడు వారాలు భారం తగ్గించి, ఈత, సైకిల్ లాంటివి పెట్టండి. అలాకాక వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి, ఒంటికాలి మీద గెంతితే పెరగడం, పడుకున్నా, రాత్రిపూట కూడా ఉండటం, ఇవి ఉంటే పరుగు ఆ రోజే ఆపించి ఎముకల డాక్టరుకి చూపించండి. సన్నని పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా, ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగెత్తించకండి. మీ స్కూల్లో లేడీ టీచరు ఎవరైనా ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. నెలసరి సరిగా వస్తోందా, పొద్దున్న ఏమైనా తిని వస్తోందా అని. తిండి చాలక నెలసరి ఆగిన పిల్లల ఎముకలు త్వరగా దెబ్బతింటాయి.

మీ ఇసుక పరుగు చెడ్డదేమీ కాదు. పొడి ఇసుకలో నడకకి గట్టినేల మీదకన్నా రెండింతలు పైగా శక్తి ఖర్చవుతుంది, పరుగుకి ఒకటిన్నర రెట్లు. పాదం కింద ఇసుక జారిపోతుంది కాబట్టి. ఊపిరికీ పిక్కలకీ మంచిది. కానీ పాదం ఎక్కువసేపు నేలమీద ఉంటుంది, మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ) తిరిగి ఇవ్వాల్సిన స్ప్రింగు పోతుంది. వేగం నేర్పే చోటు అది కాదు, వారంలో ఒక రోజు చాలు. నీళ్ల పక్క తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ సముద్రం వైపు వాలుతుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లినంత దూరం తిరిగి రప్పించండి.

చివరగా మీ మోకాలు. ఇదీ ఆ శాస్త్రమే. మన కీళ్లలో చాలావరకు తలకిందులైన ఏతాల్లాంటివి: బరువు పొడవాటి చివర వేలాడుతుంది, లాగే కండరం ఇరుసుకి ఆనుకుని ఉంటుంది. 17వ శతాబ్దంలోనే ఇటలీలో బొరెల్లి అనే శాస్త్రవేత్త ఈ లెక్క కట్టి, కండరాలు మోసే బరువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ లాగాల్సి వస్తుందని చూపించాడు. మెట్టు దిగేటప్పుడు వెనక కాలి మోకాలు బాగా వంగుతుంది. ఒంటి బరువు నిలువుగా దిగే గీత మోకాలికి 12 సెంటీమీటర్లు వెనకగా పోతోందనుకోండి, చిప్ప కింద స్నాయువు కీలుకి 4 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే మీ బరువుకి మూడింతలు అది లాగాలి. మోకాలు ఎంత వంగితే చిప్ప ఎముక తొడ ఎముక మీద అంత గట్టిగా అదుముకుంటుంది. ఎక్కేటప్పుడూ మోకాలు వంగుతుంది, కానీ అప్పుడు ఒంటిని ముందుకి వంచుతారు, పిరుదు కండరాలు భారం పంచుకుంటాయి. దిగేటప్పుడు పడతామన్న భయంతో వెనక్కి వాలతాం, భారమంతా తొడ ముందు కండరం మీదే. పైగా అది సాగుతూనే పట్టి ఉంచాలి. మర్నాడు తొడలు పట్టేసేది ఆ పనికే.

రెయిలింగ్ పట్టుకుని, ఒంటిని కాస్త ముందుకి ఉంచి, నొప్పి ఉన్న కాలు ముందు దించి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ కలుపుకుంటూ దిగండి. ఇంటిదగ్గర కుర్చీలోంచి చేతులు ఆనకుండా నెమ్మదిగా లేచి, ఇంకా నెమ్మదిగా కూర్చోవడం రోజూ పది పదిహేనుసార్లు చెయ్యండి. ఓ రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. వాపు, వేడి, మోకాలు మధ్యలో ఇరుక్కుపోవడం ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవాలనుకుంటే అది వేరే లెక్క, ఎక్కువభాగం రోడ్డే కాబట్టి మోకాలు అంతగా వంగదు. ఒక నెల ముందు నుంచి దూరం కొంచెం కొంచెం పెంచుకుంటే నడవొచ్చు. ఇక మెట్ల మొక్కు ఉంటే, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి నడిచే ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం దేవస్థానం బస్సెక్కండి.